బస్టర్ జోన్స్‌ని కలిశాను

1961లో మెట్రోనోమ్ అనే అమెరికన్ సంగీత పత్రికలో రాల్ఫ్ బెర్టన్ అనే రచయిత వ్యాసం ఒకటి వచ్చింది. న్యూయార్క్‌లో ఒక వంతెన మీద వెళ్తుంటే అక్కడొకాయన ఒంటరిగా నిలబడి టెనర్ సాక్సఫోన్ వాయించుకుంటూ కనబడ్డాడని, ఆగి ఆయనతో మాట్లాడానని దాని సారాంశం. ఆయన పేరు బస్టర్ జోన్స్ అని రాశాడు. ఆ వంతెన బ్రూక్లిన్ బ్రిడ్జి అని రాశాడు.

రెండూ నిజం కాదు. అది బ్రూక్లిన్ బ్రిడ్జికి కొంచెం పైన అదే నది మీద ఉన్న విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి. ఆ మనిషి సానీ రాలిన్స్. అప్పటికి రెండేళ్ళుగా కచేరీలు మానేసి, రికార్డులు ఇవ్వకుండా, ఎక్కడున్నాడో చాలామందికి తెలియకుండా ఉన్న మనిషి. బెర్టన్‌కి దొరికింది ఏ విలేకరికైనా జీవితంలో ఒక్కసారి దొరికే వార్త. దాన్ని రాయకుండా ఉండలేకపోయాడు. అలాగని ఉన్నదున్నట్టు రాయడానికీ చెయ్యి రాలేదు. మనిషి పేరు మార్చాడు, వంతెన పేరు మార్చాడు, సంగతి మాత్రం చెప్పాడు. ఆ గుట్టు ఎంతోకాలం నిలవలేదనుకోండి. సాక్సఫోన్ వాయించే బస్టర్ జోన్స్ ఎవరో ఊహించడం జాజ్ లోకానికి ఓ లెక్కా? ఈ రోజు రాలిన్స్ గురించి రెండు వాక్యాలు తెలిసినవాళ్ళకి కూడా ఆ రెండింట్లో ఒకటి ఈ వంతెన కథే.

ఈ కథలో అందరికీ రాలిన్స్ నచ్చుతాడు. నాకూ అంతే, చాలా ఏళ్ళపాటు. పోయిన చలికాలం నుంచి మాత్రం బెర్టన్ గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను. ఎందుకంటే అలాంటి మనిషి ఒకాయన నాకూ అనుకోకుండా తారసపడ్డాడు.

ఆయన పేరు రాయను. జాజ్ వినేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉన్నారు, అందుకని. బెర్టన్ దగ్గర అప్పుతీసుకుని ఆయన్ని ఇక్కడ బస్టర్‌గారు అంటాను. స్థలం కూడా కొంచెం జరిపాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ముందు రాలిన్స్ సంగతి. 1930లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ సముద్రంలోని వర్జిన్ ఐలండ్స్ నుంచి వచ్చినవాళ్ళు. ఇరవై ఏళ్ళు దాటీదాటకముందే థెలోనియస్ మంక్, మైల్స్ డేవిస్ లాంటివాళ్ళ పక్కన వాయించాడు. 1956లో చేసిన శాక్సఫోన్ కొలాసస్ అన్న రికార్డుతో ఆయన పేరు స్థిరపడిపోయింది. అందులో మొదటి పాట, సెయింట్ థామస్, చిన్నప్పుడు అమ్మ పాడగా విన్న దీవుల పాట. మన వాళ్ళకి జాజ్ కొత్తగా వినిపించాలంటే నేను ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతాను. కాలు కదలకుండా దాన్ని విన్న తెలుగువాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

1959లో ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు. చేతినిండా పని. పత్రికలు ఆకాశానికెత్తుతున్నాయి. అప్పుడు ఆపేశాడు. జనం తన గురించి అంటున్నదానికీ తన వాయిద్యానికీ పొంతన కుదరడం లేదని తనకే అనిపించిందట. మళ్ళీ సాధనలో కూర్చోవాలనుకున్నాడు. ఉండేది గ్రాండ్ స్ట్రీట్‌లో అపార్ట్‌మెంటు. టెనర్ సాక్సఫోన్ గొంతు గోడలు ఆపగలిగింది కాదు. పక్కింట్లో నెలలు నిండుతున్న గర్భిణి ఉండేది. ఆవిడని ఇబ్బందిపెట్టడం ఇష్టంలేక చోటు వెతుక్కుంటూ బయల్దేరితే, దగ్గర్లోనే వంతెన ఎక్కే మెట్లు కనిపించాయి. పైన ఎవరూ లేరు. కింద పడవలు, పక్కన రైళ్ళు, కార్లు. ఎంత గట్టిగా వాయించినా అడిగేవాడు లేడు. ఎండా చలీ లేకుండా, ఒక్కోరోజు పదిహేను గంటల దాకా అక్కడే ఉండేవాడు.

ఆ వంతెన మీద నేను రెండుసార్లు నడిచాను. 1903లో తెరిచినప్పుడు దాని నడిమి భాగం 1,600 అడుగులు, అంత పొడుగు వేలాడే వంతెన అప్పటికి ప్రపంచంలో మరోటి లేదు. ఇప్పుడు నడకదారి కమ్మీలకి గులాబీ కలిసిన ఎరుపు రంగు వేశారు. రైలు వచ్చినప్పుడు పక్కన మనిషి మాట వినిపించదు, కాళ్ళకింద ఇనుము వణుకుతుంది. ఏకాంతం అంటే నిశ్శబ్దం అనుకునే నాలాంటివాడికి అది వింతగా అనిపించింది. ఆయన వెతుక్కున్నది ఎవరూ పట్టించుకోని చోటు. అది రొదలోనే దొరికింది.

సాక్సఫోన్‌తో నా పరిచయం రాజమండ్రిలో పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంతో మొదలైంది. క్లారినెట్ల మధ్య మెరుస్తూ వంకర తిరిగిన ఆ గొట్టం చూసి, ఇది మన వాయిద్యం కాదు, పెట్రోమాక్సు లైటు లాంటిదేదో అనుకునేవాణ్ణి. తర్వాత కద్రి గోపాల్‌నాథ్ దాని మీద త్యాగరాజ కీర్తన వాయించగా నాన్న దగ్గరున్న కేసెట్లో విన్నాను. మీటలు నొక్కి వాయించే వాయిద్యంలో గమకం ఎలా పలికిస్తున్నాడో అని నాన్న కేసెట్ వెనక్కి తిప్పి తిప్పి వినేవారు. ఈ దేశం వచ్చాక ఆఫీసులో ఒక పెద్దాయన రాలిన్స్ సీడీ ఇచ్చాడు. కద్రి వల్ల చెవికి దారి పడి ఉంది కాబట్టి అది పరాయిగా అనిపించలేదు.

బస్టర్‌గారిని మొదట చూసింది పద్నాలుగేళ్ళ కిందట, మన్‌హాటన్‌లో మెట్లు దిగి వెళ్ళే ఒక చిన్న క్లబ్బులో. అరవైమంది పడితే ఎక్కువ. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. పేరున్న వాళ్ళ వెనక నలభై ఏళ్ళు వాయించిన మనిషి. సొంతంగా చేసిన రికార్డులు మూడో నాలుగో. ఆ రాత్రి ఒక నెమ్మదైన పాటలో ఆఖరి స్వరాన్ని పట్టుకుని, వదలబోతూ దాన్ని కాస్త కిందికి వంచి, మళ్ళీ యథాస్థానానికి తెచ్చి ఆపారు. చెప్పాల్సిన మాట చెప్పేసి గడప దాటుతూ ఓసారి వెనక్కి తిరిగి చూసినట్టు. ఆ తర్వాత ఆయన ఎక్కడ వాయిస్తున్నా వెళ్ళేవాణ్ణి. ఎప్పుడూ వెళ్ళి పలకరించలేదు. ఏమని పలకరించాలి? బాగా వాయించారని చెప్పడం ఆయనకి తెలియని సంగతి చెప్పడం కాదు కదా.

నాలాంటి వాళ్ళం ఏడుగురం ఉన్నాం. నలుగురు తెలుగువాళ్ళం, ఇద్దరు తమిళులు, ఒక బెంగాలీ. మాకో వాట్సాప్ గుంపు ఉంది. ఏ క్లబ్బులో ఎవరున్నారో, ఏ పాత రికార్డు మళ్ళీ వేశారో అందులో చెప్పుకుంటాం. ఏడాదిన్నర కిందట బస్టర్‌గారి పేరు క్లబ్బుల జాబితాల్లోంచి మాయమైంది. ఆయన వాయించాల్సిన ఒక కచేరీకి మరొకరిని పెట్టారు. తర్వాత ఏ వార్తా లేదు. ఆరోగ్యం బాగాలేదట అని ఒకరు, ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారట అని ఒకరు. ఒక రోజు ఎవరో ‘అసలు ఉన్నారంటారా?’ అని అడిగారు. ఎవరూ జవాబివ్వలేదు.

పోయిన జనవరిలో ఒక శనివారం. మా అమ్మాయిని వయొలిన్ క్లాసులో దింపి, గంటసేపు నడుద్దామని నది పక్కనున్న పార్కుకి వెళ్ళాను. మంచు పడి రెండు రోజులైంది, జనం లేరు. పార్కింగు చివర ఒక పాత స్టేషన్ వ్యాగన్ ఉంది. అటువైపు నుంచి ఒక స్వరం వినిపించింది. ఒకటే స్వరం. సన్నగా మొదలై, మెల్లగా పెద్దదై, మళ్ళీ సన్నబడి ఆగిపోయింది. నదిలో పడవేమో అనుకున్నాను. ఊపిరి తీసుకునేంత విరామం తర్వాత మళ్ళీ అదే. కిందటిసారి మధ్యలో కొంచెం వణికింది, ఈసారి వణకలేదు. పడవలు తప్పు దిద్దుకోవు. అప్పుడు ఆగాను.

జాజ్ వాళ్ళు దీన్ని లాంగ్ టోన్స్ అంటారు. ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలబెట్టడం. బలం పెరిగినా తగ్గినా శ్రుతి కదలకూడదు. మన వాళ్ళు తెల్లవారుజామున లేచి ఆధార షడ్జం పట్టుకుని చేసే అకార సాధకం లాంటిదే. వినడానికి అందులో ఏమీ ఉండదు. నేను పది నిమిషాలు విన్నాను. ఆఖర్లో, అలవాటు చొప్పున కాబోలు, ఒక స్వరాన్ని వదలబోతూ ఆయన దాన్ని కిందికి వంచి మళ్ళీ పైకి తెచ్చారు.

ఫోన్లో చుట్టాల గొంతు ‘ఆఁ’ అనగానే పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం అనే చెప్పాలి, కానీ అందులో సగం ‘బతికే ఉన్నారు’ అన్న ఊరట.

వెళ్ళిపోదామనే అనుకున్నాను. మంచులో అంతసేపు కదలకుండా నిలబడ్డ మనిషిని ఆయన అద్దంలో చూసే ఉంటారు. కిటికీ దించారు. “చప్పుడు ఇబ్బందిగా ఉందా?” అని అడిగారు.

“లేదండీ. మిమ్మల్ని వినడానికి డబ్బులిచ్చి వచ్చేవాణ్ణి నేను,” అన్నాను. ఆ క్లబ్బు పేరు చెప్పి, ఆ రాత్రి వాయించిన పాట పేరు చెప్పాను.

ఆయన చాలాసేపు నన్ను చూశారు. గుర్తుపట్టబడటం ఇష్టంలేని మనిషి మొహం అది. తర్వాత పక్క సీటు మీది పెట్టె వెనక్కి నెట్టి “చలిలో ఎందుకు, రండి,” అన్నారు.

కారులో హీటరు వాసన, కాఫీ వాసన. స్టీరింగుకి తగలకుండా సీటు వెనక్కి జరిపి, వాయిద్యాన్ని కుడితొడ పక్కకి ఒరిగించుకుని కూర్చున్నారు. ఆయన నవ్వినప్పుడు చూశాను, పైవరస పళ్ళు కొత్తవి.

సాక్సఫోన్ వాయించేవాళ్ళకి పళ్ళంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పైపళ్ళు మౌత్‌పీస్ మీద ఆనతాయి. కింది పెదవి కిందిపళ్ళ మీదికి మడిచి, దాన్ని మెత్తలా రీడుకి ఆనిస్తారు. రీడంటే రెల్లు జాతి గడ్డిని చీల్చి, చివర కాగితంలా పలచగా చెక్కిన రేకు. అది కంపిస్తేనే స్వరం. ఎంత నొక్కాలి, ఎక్కడ నొక్కాలి అన్నది వెంట్రుకవాసి వ్యవహారం. ఎముకలోంచి మౌత్‌పీస్ కంపనం వాయించేవాడి తలలోకి పాకుతుంది, తన స్వరాన్ని తను ముందు పళ్ళతో వింటాడు. బస్టర్‌గారికి చిగుళ్ళ జబ్బు వచ్చి పైపళ్ళు తీసేయాల్సి వచ్చింది. కట్టుడు పళ్ళు పెట్టారు. అవి సరిగా కూర్చోక రెండోసారి చేయించుకున్నారు. ఇంతలో పెదవుల పట్టు పోయింది.

“యాభై ఏళ్ళుగా ఒకే తాళంచెవితో ఇంట్లోకి వెళ్తున్నాను. ఒకరోజు తాళం మార్చేశారు. ఇల్లు నాదే,” అన్నారు.

ఇంట్లో ఎందుకు వాయించుకోకూడదని అడిగాను. పక్క ఫ్లాటులో నర్సు ఉంటుందట. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతుంది. “ఆవిడ నిద్ర చెడగొడితే ఆస్పత్రిలో ఎవరికో తప్పు ఇంజక్షను ఇచ్చేస్తుంది. ఆ పాపం నాకెందుకు?”

రాలిన్స్, పక్కింటి గర్భిణి నా నోటిదాకా వచ్చారు. ఆపుకోలేక అనేశాను కూడా. ఆయన పెద్దగా నవ్వారు. ఈ పోలిక తెచ్చిన మొదటివాణ్ణి నేనేమీ కాదట. డెంటిస్టు కూడా అన్నాడట.

నవ్వు ఆగాక చెప్పిన మాట ఇది. “అందరికీ ఆ వంతెన ఇష్టం. ఫొటోకి బాగుంటుంది. సానీ అప్పుడు బాగా వాయిస్తున్నాడు, పని ఉంది, డబ్బు వస్తోంది. అలాంటప్పుడు లేచి వెళ్ళిపోయాడు. నేను అలా వెళ్ళలేదు. నా నోరు నన్ను బయటికి పంపించింది. ఆ రెండూ కలపకండి.”

నేనేమీ అనలేదు. ఆయనే మళ్ళీ, “కానీ పైకెక్కాక ఇద్దరం చేసే పని ఒకటే,” అన్నారు.

ఇక్కడ రాలిన్స్ కథలో జనం సాధారణంగా చెప్పుకోని ముక్క ఒకటి చెప్పాలి. 1961 నవంబరులో ఆయన తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది ది బ్రిడ్జ్ అనే రికార్డు వచ్చింది. పియానో లేదు, దాని స్థానంలో జిమ్ హాల్ గిటారు. ఈ రెండేళ్ళలో జాజ్ ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆర్నెట్ కోల్‌మన్ వచ్చి స్వరాల కట్లు తెంచాడు, కోల్‌ట్రేన్ మరో దారి వేశాడు. వంతెన దిగి వచ్చే మనిషి వీళ్ళందర్నీ మించిన కొత్తదేదో తెస్తాడని ఎదురుచూసిన కొందరు విమర్శకులు, ఇంతేనా అని పెదవి విరిచారు. ఇప్పుడు ఆ రికార్డుని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. ఆయన వంతెనెక్కింది వాళ్ళకి కొత్తది తేవడానికి అని ఆ విమర్శకులు అనుకున్నారు. తన వాయిద్యంలో తనకి నచ్చనిదాన్ని సరిచేసుకోవడానికి వెళ్ళిన మనిషి, అది సరయ్యాక దిగి వచ్చాడు. అందులో మన వాటా ఏముంది?

ఇది నా సొంత తెలివి కాదు. బస్టర్‌గారు కారులో చెప్పినదాన్నే నేను సాగదీశాను. ఆయన అడిగిన కోరిక అర్థం కావడానికి ఇది అవసరం.

లేవబోతుంటే, “మీకు స్నేహితులుంటారు కదా, ఈ సంగీతం వినేవాళ్ళు?” అన్నారు.

“ఉన్నారండీ.”

“వాళ్ళకి చెప్పకండి.”

ఎందుకని నేను అడగలేదు. ఆయనే చెప్పారు. ఈ సంగతి బయటికి పొక్కితే మంచివాళ్ళు ముందు పరిగెత్తుకొస్తారు. నిధులు పోగుచేసే కచేరీ పెడతారు. పాత మిత్రులందరూ ఉచితంగా వాయిస్తారు. ఆఖర్న ఈయన్ని వేదిక ఎక్కించి ఒక పాట వాయించమంటారు. అది ఎలా ఉన్నా హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. “ఆ చప్పట్లు ఒకసారి వింటే ఇక నేను బాగుపడను. బాగానే ఉందేమో అనుకుంటాను.” కాసేపాగి, “జనం నాతో అబద్ధం చెప్పలేని స్థితికి వచ్చాక వస్తాను. రాకపోతే రాను,” అన్నారు.

చెప్పనని మాటిచ్చాను. ఫోను జేబులోనే ఉంది. ఒక ఫొటో తీసుకుంటే ఏమవుతుంది, ఎవరికీ చూపించకుండా నాకోసమే అనే ఆలోచన కారు దిగేముందు వచ్చింది. తియ్యలేదు. అందులో నా గొప్పేమీ లేదు, ఆ మాటల తర్వాత ఎవరూ తియ్యలేరు.

మాటివ్వడం తేలికే. దాన్ని మొయ్యడం ఫిబ్రవరిలో మొదలైంది. మా గుంపులో ఒక మిత్రుడు, మంచి చదువరి, బస్టర్‌గారి మీద వ్యాసం రాస్తున్నానన్నాడు. చిత్తుప్రతి పంపాడు. బాగా రాశాడు. రికార్డుల వివరాలన్నీ ఉన్నాయి. ఆ వంచిన స్వరం గురించి నాకంటే బాగా రాశాడు. కానీ వాక్యాలన్నీ భూతకాలంలో ఉన్నాయి. ‘వాయించేవారు’, ‘ఉండేవారు’. చచ్చిపోయారని ఎక్కడా అనలేదు. చదివితే నివాళి అనే తెలుస్తుంది. మిగతావాళ్ళు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నాకు తెలిసిన మంచి కబురు ఒకటి ఉంది. అది చెబితే ఆరుగురు సంతోషిస్తారు. చెప్పకపోతే బతికున్న మనిషికి నివాళి అచ్చవుతుంది. చెబితే ఆరుగురి నుంచి అరవైమందికి వెళ్ళడానికి ఒక సాయంత్రం చాలు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టే, తప్పకుండా వెళ్తుంది. ఆయన భయపడింది సరిగ్గా ఆ మంచితనానికే. రెండు రోజులు తేల్చుకోలేక ఊరుకున్నాను. బెర్టన్ వ్యాసం గుర్తొచ్చింది ఆ రెండు రోజుల్లోనే.

అంతకుముందు బెర్టన్ చేసిన పని నాకు కొంచెం గడుసుతనంగా కనిపించేది. చెప్పీ చెప్పనట్టు చెప్పడం. చెప్పాలనుకుంటే చెప్పాలి, లేదంటే నోరు మూసుకోవాలి అనుకునేవాణ్ణి. ఆ స్థానంలో నిలబడ్డాక వేరేగా కనిపించింది. ఆయన చేతిలో ఉన్నది రెండు విషయాలు. రాలిన్స్ ఇంకా వాయిస్తున్నాడు అన్నది ఒకటి. ఎక్కడ దొరుకుతాడు అన్నది రెండోది. మొదటిది సంగీతం ప్రేమించేవాళ్ళకి చెందుతుంది. రెండోది రాలిన్స్‌ది. పేరూ వంతెనా మార్చి బెర్టన్ రెండోదాన్ని మొదటిదాన్నుంచి విడదీయాలని చూశాడు. పూర్తిగా కుదరలేదు. కానీ గుట్టు కాపాడటం అంటే ఎప్పుడూ మౌనం ఒక్కటే కాదని, ఎంత చెప్పాలో కొలవడం కూడా అందులో భాగమని ఆయనకి తెలుసు.

మిత్రుడికి విడిగా ఫోన్ చేశాను. “వ్యాసం చాలా బాగుంది అన్నా. క్రియలన్నీ వర్తమానంలోకి మార్చు,” అన్నాను.

“ఎందుకూ? ఏమైనా తెలుసా నీకు?”

“తెలిస్తే చెప్పనా? మార్చు. పోయేదేముంది?”

అవతల కాసేపు మాట లేదు. తెలివైనవాడు. “సరే. మారుస్తాలే,” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ‘వాయించేవారు’ పోయి ‘వాయిస్తారు’ వచ్చింది. వ్యాసం అలాగే అచ్చయింది. దాంట్లో పెద్ద తేడా ఎవరికీ కనిపించి ఉండదు. కారులో కూర్చుని చదివితే ఒక్క మనిషికి కనిపిస్తుంది, ఇంగ్లీషులో రాశాడు కాబట్టి.

ఆ తర్వాత మూడు శనివారాలు అదే కారు అక్కడే ఉంది. నేను దూరంగా నడిచేవాణ్ణి. ఒక్కసారి చెయ్యెత్తి పలకరించారు, అంతే. రెండో వారం లాంగ్ టోన్స్ తర్వాత స్కేళ్ళు వినిపించాయి, నెమ్మదిగా, మన సరళీ స్వరాలంత నెమ్మదిగా. మూడో వారం పన్నెండు సుర స్థానాల్లోనూ ఒకే చిన్న ముక్కని మార్చి మార్చి వాయించారు. పైస్థాయిలో ఒక స్వరం ప్రతిసారీ చీలుతోంది. చీలిన ప్రతిసారీ మొదటికి వెళ్ళారు. నేను లెక్కపెట్టినంతవరకూ పందొమ్మిది సార్లు. మార్చిలో కారు కనిపించలేదు. పక్కింటి నర్సు ఉద్యోగం మారిందో, ఎండలు వచ్చి పార్కులో జనం పెరిగారని మరో చోటు చూసుకున్నారో. మంచి కారణమే అయ్యుంటుందని అనుకుంటున్నాను.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో జరిగిందొకటి మాత్రం దీని పక్కన పెట్టకుండా ఉండలేను. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వర్ణాల్లో ఉంది. ప్రతి ఆదివారం కొత్త పాఠం వీడియో తీసి కాకినాడలో అమ్మమ్మకి పంపడం మా ఇంటి ఆచారం. అక్కణ్ణుంచి అది పిన్నులకీ మామయ్యలకీ వెళ్తుంది. అందరూ ‘సూపర్ తల్లీ’ అంటారు. ఏప్రిల్లో ఒక ఆదివారం ఆమె వీడియో వద్దంది. “అటతాళ వర్ణం అయ్యేదాకా వద్దు నాన్నా. అమ్మమ్మ ఎలా ఉన్నా బాగుందనే అంటుంది.” వాళ్ళమ్మ నా మొహం చూసింది. ఇలాంటివి నేను నేర్పుతున్నానేమోనని అనుమానం. నేను ఒక్క మాటా అనలేదు, నిజంగానే. అమ్మమ్మకి మాత్రం ఫోన్లో చెప్పాను: “వాయిస్తోందండీ. రోజూ గంట. పంపించే రోజు తనే పంపిస్తుంది.” ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. తర్వాత, తన చిన్నప్పుడు తలుపేసుకుని పాడుకునేదాన్నని, వాళ్ళ నాన్నగారు అరుగు మీద కూర్చుని వినీ విననట్టు ఉండేవారని చెప్పుకొచ్చారు.

రాలిన్స్ 1960ల చివర్లో మరోసారి అన్నీ వదిలి మన దేశం వచ్చారు. బొంబాయి దగ్గర పవాయిలో స్వామి చిన్మయానంద ఆశ్రమంలో కొన్ని నెలలు ఉన్నారు. ధ్యానం కుదరడం లేదని చెప్పుకుంటే, నువ్వు సాక్సఫోన్ వాయించేటప్పుడు చేసేది ధ్యానమే కదా అన్న జవాబు వచ్చిందని ఆయన తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. మన ఊళ్ళో ఏ సన్నాయి మేస్త్రీ అయినా అదే చెప్పి ఉండేవాడు. 2012 తర్వాత ఆయన వేదిక మీద వాయించలేదు. ఊపిరితిత్తుల జబ్బు ఆ పని ఆపించింది. ఈసారి ఎక్కడానికి వంతెన లేదు. ఆయన సాధన కాలపు నోటు పుస్తకాలు ఇప్పుడు హార్లెమ్‌లోని షాంబర్గ్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఆయన పుట్టిన పేటలోనే. 2024లో వాటిల్లోంచి కొన్ని పుస్తకంగా వచ్చాయి. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఊపిరి ఎలా పట్టాలో, ఏం తినకూడదో తనకి తాను రాసుకున్న మాటలు. ఎప్పుడు చూపించాలో ఆయనే నిర్ణయించుకున్నారు, తొంభై దాటాక.

ఈ వ్యాసం రాయడానికి నాకు అనుమతి ఉందా అని మీరు అడగొచ్చు. బస్టర్‌గారిని అడగలేదు. అడగడానికి ఆయన ఎక్కడున్నారో తెలియదు. చెప్పకూడనిది చెప్పానేమోనని మూడుసార్లు చదువుకున్నాను. క్లబ్బు చెప్పలేదు, పార్కు అది కాదు, రికార్డుల పేర్లు లేవు. మా మిత్రుడు ఇది చదివితే గ్రహిస్తాడు. గ్రహించి ఊరుకుంటాడు, అప్పుడు ఊరుకున్నట్టే.

ప్రతి సోమవారం ఆ వారం క్లబ్బుల జాబితా చూస్తాను. ఇంతవరకూ ఆయన పేరు లేదు. వచ్చిన రోజు టికెట్టు కొనుక్కుని, ఎప్పుడూ కూర్చునే వెనక వరసలో కూర్చుంటాను. కారు సంగతి ఎత్తను. బాగా వాయిస్తే చప్పట్లు కొడతాను. వాయించకపోతే కొట్టను. ఆయనకి ఇవ్వగలిగిన మర్యాద నా దగ్గర అదొక్కటే ఉంది.